సైకిలా, సామానా?

ఈ మడత సైకిల్ కొన్న దగ్గర్నించీ నాకు ఎదురవుతున్న ప్రశ్న ఒక్కటే. "ఇది సైకిలా, సామానా?" రైల్లో టీసీ అడిగాడు. బస్సు కండక్టర్ అడిగాడు. ఎయిర్‌పోర్టులో కౌంటర్ దగ్గరమ్మాయి అడిగింది. మాటలు వేరు కావచ్చుగానీ అందరికీ కావాల్సింది అదే. సైకిలైతే ఒక రూలు, సామానైతే ఇంకో రూలు. ఇదేమో తొక్కేటప్పుడు వాహనం, మడిచాక పెట్టె. అంటే రన్‌టైములో టైపు మార్చేసుకునే ఆబ్జెక్టు అన్నమాట. రూల్సు రాసినవాళ్ళేమో ఒకసారి డిక్లేర్ చేసిన టైపు చచ్చేదాకా మారదని నమ్మిన పాతకాలం సీ ప్రోగ్రామర్లు. (సీ ప్రోగ్రామర్లు క్షమించాలి. మా టీమ్ లీడ్ కూడా ఆ జాతే.)

అసలీ గోల ఎలా మొదలైందో చెప్తా.

మూడేళ్ళ క్రితం ఆన్‌సైట్ అని నన్ను నెదర్లాండ్స్ పంపించారు. ఉండేది ఉత్రెక్ట్‌లో, ఆఫీసు ఆమెర్స్‌ఫోర్ట్‌లో. రైల్లో పావుగంట కూడా పట్టదు. సుఖమే కదా అనుకుంటాం. కానీ ఇంటి నించి స్టేషన్‌కి మూడు కిలోమీటర్లు, అవతల దిగాక ఆఫీసుకి నాలుగు. అక్కడి జనమంతా ఏం చేస్తారంటే ఇటు స్టేషన్లో ఒక సైకిల్, అటు స్టేషన్లో ఒక డొక్కు సైకిల్ పెట్టుకుంటారు. లేదా స్టేషన్లోనే అద్దె సైకిల్ తీసుకుంటారు. నేనూ రెండు సైకిళ్ళ పద్ధతే మొదలెట్టా. ఉత్రెక్ట్ స్టేషన్ కిందున్న సైకిల్ స్టాండ్ ప్రపంచంలోకెల్లా పెద్దది, 12,500 సైకిళ్ళు పడతాయి, 2019లో పూర్తయింది. అందులో నా సైకిల్ ఎక్కడ పెట్టానో మర్చిపోయి ఒక సాయంత్రం నలభై నిమిషాలు వెతికాను. సినిమా హాలు బయట కూడా అంత అవస్థ పడలేదెప్పుడూ. ఇక ఆమెర్స్‌ఫోర్ట్‌లో పెట్టిన డొక్కుది రెండు నెలల్లో ఎవరో ఎత్తుకుపోయారు. తర్వాత కొన్నదీ పోయింది. మూడోది కొనే ముందు ఆగి ఆలోచించా.

పెద్ద సైకిల్ని అక్కడ రైలెక్కించచ్చు. కానీ దానికి వేరే టికెట్టు కొనాలి. పైగా పనిరోజుల్లో పొద్దున ఆరున్నర నించి తొమ్మిది దాకా, సాయంత్రం నాలుగు నించి ఆరున్నర దాకా ఎక్కనివ్వరు. అంటే సరిగ్గా ఉద్యోగాలవాళ్ళు తిరిగే టైములోనే. మడత సైకిల్‌కి మాత్రం టికెట్టూ లేదు, టైమూ లేదు. మడిచి ఉంటే చాలు, చేతిసామాను కింద లెక్క. రూలు రాసినవాడికి 'మడిస్తే అది వేరే వస్తువు' అన్న సంగతి తెలుసు.

మన దగ్గర కూడా ఆ ప్రయత్నం జరక్కపోలేదు. 2020లో కొచ్చి మెట్రో సైకిళ్ళని రానిచ్చింది. 2021 నవంబర్లో బెంగుళూరు మెట్రో మడత సైకిళ్ళకి సరేనంది. అప్పుడు నేనక్కడే ఉద్యోగం. వార్త చూసి తెగ సంబరపడి, తర్వాత షరతులు చదివా. చివరి పెట్టెలోనే ఎక్కాలి. బాగానే ఉంది. 15 కిలోలు మించకూడదు. అదీ బాగానే ఉంది. కొలతలు 60 × 45 × 25 సెంటీమీటర్లు దాటకూడదు. ఇక్కడొచ్చింది చిక్కు. నేను తర్వాత కొన్న బ్రాంప్టన్, ఉన్న మడత సైకిళ్ళలో బాగా చిన్నగా మడిచేవాటిలో ఒకటి. అది మడిస్తే 58.5 × 56.5 × 27. ఇదే పట్టకపోతే ఇరవై అంగుళాల చక్రాలున్న మామూలు మడత సైకిల్ గురించి చెప్పేదేముంది. సూట్‌కేసు రూలుని ఎవరో కాపీ పేస్ట్ చేసి పైన 'సైకిల్' అని హెడ్డింగ్ పెట్టుంటారని నా అనుమానం. మనం కూడా చెయ్యని పని కాదులెండి. టేపు పెట్టి కొలిచే గార్డు ఉండడు కాబట్టి బతికిపోతారు జనం.

సరే, బ్రాంప్టన్ సంగతి. దీన్ని తయారుచేసినాయన పేరు ఆండ్రూ రిచీ. కేంబ్రిడ్జిలో ఇంజనీరింగ్ చదివి లండన్లో మొక్కల వ్యాపారం చేసుకునేవాడు. 1970ల మధ్యలో బిక్కర్టన్ అనే మడత సైకిల్ చూసి, ఇంతకన్నా బాగా చెయ్యొచ్చని తన ఫ్లాట్లోనే కూర్చుని మొదలుపెట్టాడు. కిటికీలోంచి చూస్తే బ్రాంప్టన్ ఆరేటరీ అనే చర్చి కనపడేదట, అందుకే ఆ పేరు. పెట్టుబడి పెట్టేవాడు దొరక్క, ఓ ముప్ఫైమంది తెలిసినవాళ్ళ దగ్గర ముందే డబ్బులు తీసుకుని మొదటి సైకిళ్ళు చేశాడు. ఆ తర్వాత కూడా ఫ్యాక్టరీ అన్నది నిలదొక్కుకోడానికి ఏళ్ళు పట్టింది. మడత ఎలా ఉంటుందంటే, ముందు వెనక చక్రం కిందకి వెళ్ళిపోతుంది, తర్వాత ముందు చక్రం పక్కకొచ్చి దానికి ఆనుకుంటుంది, హ్యాండిల్ వాలుతుంది, చివర్లో సీటు కిందకి దింపితే మొత్తం తాళం పడ్డట్టు బిగుసుకుంటుంది. గొలుసు రెండు చక్రాల మధ్యకి వెళ్ళిపోతుంది కాబట్టి పక్కవాళ్ళ ప్యాంటుకి నల్లటి గ్రీజు అంటదు. రైల్లో ఇది చిన్న విషయం కాదు.

కొత్తది కొనే ధైర్యం లేక సెకండ్ హ్యాండ్‌ది 700 యూరోలకి కొన్నా. ఇంట్లో ఏడువేలని చెప్పా. ఒక్క సున్నా మింగేశానంతే. "మడత పెట్టే సైకిల్‌కి ఏడువేలా!" అని మా అమ్మ ఆ సున్నా లేకుండానే గుండె పట్టుకుంది.

ఇక అసలు ప్రయాణం. పోయిన ఏడాది మా నాన్న కాలవ గట్టు మీద సైకిల్ మీంచి పడ్డారు. తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అయింది. ఈ సంగతి నాకు పదకొండు రోజుల తర్వాత తెలిసింది. రోజూ వీడియో కాల్ చేస్తూనే ఉన్నా. నాన్న మంచం మీద పడుకుని "జలుబమ్మా" అంటున్నారు, వెనకాల ఆసుపత్రి గోడ కనపడకుండా అమ్మ దుప్పటి కట్టింది. దూరంగా ఉండేవాళ్ళందరికీ ఇలాంటి దుప్పటి కథ ఒకటి ఉండే ఉంటుంది. తెలిశాక కోపం వచ్చింది, ఏడుపొచ్చింది, తర్వాత సెలవు దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. అది ఇంకో కథ, దాని గురించి రాస్తే ఉద్యోగం ఊడుతుంది.

మాది కోనసీమ. నరసాపురంలో రైలు దిగి, వశిష్ట గోదావరి మీద పంటు ఎక్కి అవతల సఖినేటిపల్లి రేవులో దిగితే, అక్కణ్ణించి మా ఊరు ఏడు కిలోమీటర్లు. చించినాడ వంతెన మీదుగా కార్లో చుట్టూ తిరిగి కూడా రావచ్చు. నేనెప్పుడొచ్చినా అలాగే వస్తా. మా పెద్దమ్మ కొడుకు అన్నయ్య కారేసుకుని స్టేషన్‌కొస్తాడు. ఇంటికొచ్చాక కూడా మందుల షాపుకెళ్ళాలన్నా, బ్యాంకుకెళ్ళాలన్నా మళ్ళీ అన్నయ్యకే ఫోను. నాకు స్కూటర్ రాదు. అన్నయ్య ఏనాడూ విసుక్కోలేదు, ఆ మాట చెప్పుకోవాలి. కానీ ఇరవైతొమ్మిదేళ్ళొచ్చి, ఇంకో దేశంలో ఒక్కదాన్నీ బతుకుతూ, సొంతూళ్ళో మాత్రం ఎవరో తీసుకెళ్తే తప్ప కదల్లేని పార్సిల్లాగా ఉండడం నాకు చాలా ఏళ్ళుగా గుచ్చుకుంటూనే ఉంది. పైగా మా నాన్న నరసాపురంలో లేసు ఎగుమతి కంపెనీలో గుమాస్తా. పంతొమ్మిదేళ్ళు రోజూ సైకిల్ మీద రేవుకొచ్చి, సైకిల్‌తో సహా పంటెక్కి, అవతల మళ్ళీ తొక్కుకుంటూ వెళ్ళి పనిచేసొచ్చారు. నేను ఉత్రెక్ట్‌లో కనిపెట్టాననుకున్న పద్ధతి ఆయన ఎప్పుడో చేసేశారన్నమాట. ఈసారి ఆ దారిలోనే ఇంటికెళ్దామనిపించింది. అమ్మకి చెప్పలేదు. దుప్పటి కట్టడం నాకూ వచ్చు.

విమానానికి సైకిల్ సర్దడం గురించి వివరంగా చెప్తాను, పనికొస్తుంది. మెత్తటి సంచి కొన్నా. మడతల దగ్గర బిగించే రెండు మరలకీ పిడులుంటాయి. అవి బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి కాబట్టి దెబ్బ తగిలితే మొదట వంగేవి అవే. విప్పేసి ఒక సాక్సులో వేశా. సీటు పూర్తిగా తీసేసి బట్టల మధ్య పెట్టా. చక్రాల మధ్య సందుల్లో పాత టవళ్ళు, ఫ్రేము చుట్టూ పైపులకి తొడిగే ఫోము. పనిముట్లన్నీ చెకిన్లోనే పెట్టా, చేతిసంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర వదిలేసుకోవాల్సి వస్తుంది. "కరెంటుది కొనచ్చుగా" అని అడిగేవాళ్ళకి జవాబు: 160 వాట్-అవర్ దాటిన బ్యాటరీని ప్రయాణికులు విమానంలో తీసుకెళ్ళడానికి లేదు. మామూలు కరెంటు సైకిల్ బ్యాటరీ దానికన్నా చాలా ఎక్కువే ఉంటుంది. మొత్తం తూస్తే సంచితో కలిపి 14 కిలోలు. నాకు 23 కిలోల పెట్టెలు రెండు తీసుకెళ్ళే టికెట్టుంది. కాబట్టి బరువు గొడవ లేదు.

గొడవల్లా మాటతోనే. మా ఆఫీసులో ఒకాయన తన సైకిల్‌కి బోలెడు డబ్బు కట్టి దెబ్బతిన్నవాడు. "కౌంటర్ దగ్గర సైకిల్ అన్న మాట నీ నోట్లోంచి రాకూడదు. వస్తే స్పోర్ట్స్ సామాను కింద వేసి బాదేస్తారు" అని మంత్రోపదేశం చేశాడు. నేను భయపడ్డా. స్కిపోల్‌లో నా వంతొచ్చింది. కౌంటర్లో ఉన్నావిడ సంచి ఆకారం చూసి, "వీల్ చెయిరా?" అంది.

నేను తల ఊపాను.

"ఎవరికి?" అంది. "మా నాన్నకి" అన్నా. అది అబద్ధం, కానీ ఎంత ఈజీగా వచ్చేసిందంటే నాకే ఆశ్చర్యమేసింది. ఎందుకంటే సగం నిజమే మరి, ఈ సైకిల్ తీసుకెళ్తోంది ఆయన కోసమే. ఆవిడ కుర్చీలోంచి లేచొచ్చి, సంచికి రెండు వైపులా 'జాగ్రత్త' స్టిక్కర్లు తన చేత్తోనే అతికించింది. మీ నాన్నగారు త్వరగా కోలుకోవాలి అంది. నాకు ముఖం చెల్లలేదు. గేటు దగ్గర కూర్చుని ఫోన్లో ఆ ఎయిర్‌లైన్ వాళ్ళ రూల్సు తీసి మొదటి నించీ చదివా. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్ల లోపుంటే మడత సైకిల్ మామూలు లగేజీ కిందే లెక్కట. నాది 142. సంచితో కలిపినా 150. అంటే నేను ఒక్క పైసా మిగుల్చుకోలేదు. చదవాల్సిన డాక్యుమెంటేషన్ చదవకుండా, పక్క సీటువాడు చెప్పిన వర్కరౌండు పెట్టా. పదేళ్ళ నించి జూనియర్లని దీనికే తిడుతున్నా.

తిరుగు ప్రయాణంలో హైదరాబాద్ కౌంటర్లో ఏమైందో కూడా ఇక్కడే చెప్పేస్తా, మళ్ళీ ఆ ఊసు ఎత్తను. అక్కడ "మడత సైకిలండి" అని నేనే ముందు చెప్పా. ఆ అబ్బాయి ఇంకొకాయన్ని పిలిచాడు, ఆయన ఇంకొకావిడని పిలిచాడు, టేపు తెచ్చారు, కొలిచారు, సరేనన్నారు. "కానీ టైర్లలో గాలి తియ్యాలి మేడమ్, పైన పేలిపోతాయి." నాలో ఇంజనీరు నిద్రలేచింది. నేల మీద గాలి ఒత్తిడి చదరపంగుళానికి 14.7 పౌన్లు. సామాన్లుండే అర కూడా క్యాబిన్లాగే ఒత్తిడి పెట్టిన అరే, 8,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టుంటుంది, అంటే సుమారు 10.9. తేడా నాలుగు పౌన్లు కూడా లేదు. నా టైర్లో 80 ఉంది, అది 84 అవుతుంది. పోనీ మొత్తం శూన్యమే అనుకున్నా 95 దాటదు, మంచి టైరు దానికి బెదరదు. ఇదంతా చెప్పా. ఆ అబ్బాయి ఓపిగ్గా విని, "రూలు మేడమ్" అన్నాడు. గాలి తీశా. వెనక క్యూలో ఉన్న పెద్దాయనొకరు "చెప్పింది కరెక్టేనమ్మా, కానీ మాకు ఫ్లైటు టైమవుతోంది" అన్నారు :)

ఇప్పుడు మళ్ళీ వచ్చేటప్పటి కథకి. శంషాబాద్‌లో సంచి బాగానే దిగింది, వెనక మడ్‌గార్డు మూల ఒకటి విరిగిందంతే. స్టిక్కర్ల మహిమ అనుకుని మళ్ళీ సిగ్గుపడ్డా. కస్టమ్స్ ఎక్స్‌రేలో చూసినాయన "ఇదేంటమ్మా, వీల్ చెయిరా?" అన్నాడు. ఆ దేవుడే రెండో ఛాన్సిచ్చాడనుకున్నా. "కాదండీ, సైకిల్. వాడిందే" అన్నా. వెళ్ళమన్నాడు. బయట పుష్పక్ బస్సు. కండక్టర్ సంచి చూశాడు, పట్టించుకోలేదు, పెద్ద పెద్ద అట్టపెట్టెల మధ్య అదో సంచి. మూటలు మోసే దేశంలో మన సామాను చూసి ఎవరూ జడుసుకోరు, ఈ విషయంలో యూరప్ కన్నా మనమే మేలు.

సికింద్రాబాద్ దగ్గర స్నేహితురాలింట్లో పగలంతా పడుకున్నా. వాళ్ళాయన సైకిల్ పిచ్చోడు. అవుటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబర్లో మొదలైన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాకు గురించి అరగంట చెప్పాడు. "అక్కడిదాకా ఎలా వెళ్తావు?" అన్నా. "కారు వెనకాల క్యారియర్ పెట్టించాగా" అన్నాడు. సైకిల్ తొక్కడానికి కార్లో వెళ్ళడం తప్పేం కాదు, నడవడానికి జిమ్ముకెళ్ళట్లేదూ. కానీ అక్కడ సైకిల్ ఆటవస్తువు. రాయదుర్గం మెట్రోలో దిగి ఆఫీసుకి తొక్కుకుంటూ వెళ్దామంటే మాత్రం ఆ కప్పు నీడ అక్కడిదాకా రాదు.

రాత్రి నరసాపురం ఎక్స్‌ప్రెస్. మామూలుగా సైకిల్ని రైల్లో పంపాలంటే పార్సిల్ ఆఫీసులో బుక్ చేసి బ్రేక్ వ్యాన్లో వెయ్యాలి. నాది సంచిలో ఉంది, పడుకోబెడితే కింది బెర్తు కిందకి దూరిపోయింది. టీసీ టికెట్టు చూసి, కిందకి వంగి, "ఏంటిది?" అన్నాడు. "సైకిలండి, మడిచేస్తుంది." అప్పుడే వచ్చింది ఆ ప్రశ్న. "సైకిలా, సామానా?" నేను జిప్పు తీసి చూపించా. ఆయన కాసేపు చూసి, "మా వాడికి ఒకటి కొనాలంటే ఎంతవుద్ది?" అన్నాడు. ఏడువేలని చెప్పలేకపోయా. నిజం చెప్పా. కంపార్ట్‌మెంటంతా నిశ్శబ్దమైపోయింది. ఎదురు బెర్తు మామ్మగారొకరు "డబ్బుకి దిగుళ్ళేదేమో తల్లీ" అని అటు తిరిగి పడుకున్నారు.

పొద్దున్నే నరసాపురంలో ప్లాట్‌ఫారం చివర సంచి విప్పి, పిడులు బిగించి, సీటు పెట్టి నిలబెట్టేసరికి చుట్టూ పదిమంది. ఉత్రెక్ట్‌లో మూడేళ్ళు మడిచా విప్పా, ఒక్కడూ తలెత్తి చూళ్ళేదు. ఇక్కడ "మళ్ళీ ఒకసారి మడవండి" అని అడిగి మరీ చూశారు. ఒకతను "ఇంకా చిన్నదవ్వుద్దాండీ?" అన్నాడు. వెనక క్యారియర్ మీద సంచీ, వీపున బ్యాగూ, తొక్కుకుంటూ రేవుకెళ్ళా. (పెద్ద పెట్టె ఏమైందంటారా? అసలు తేలేదు. చాక్లెట్లు లేవని మా పిన్ని ఇప్పటికీ అంటోంది.) పంటు మీద మనిషికో రేటు, సైకిల్‌కో రేటు, మోటార్‌సైకిల్‌కో రేటు. రేవు ఎవరు వేలంలో పాడుకుంటే వాళ్ళ మనుషులు టికెట్లు కొడతారు. నేను సైకిల్ మడిచి చేత్తో పట్టుకుని ఎక్కా, టికెట్ల కుర్రాడు మనిషి టికెట్టొక్కటే కొట్టాడు. నేనేం మాట్లాడలేదు. పక్కన పాల క్యాన్లు, కోళ్ళ గంప, మూడు బళ్ళు. గోదావరి మీద పొద్దుటి ఎండ. ఇది వర్ణించడం నావల్ల కాదు, కోనసీమవాళ్ళు కళ్ళు మూసుకోండి చాలు.

ఇంటి ముందు దిగేసరికి అమ్మ వాకిట్లో ఉంది. కూతురొచ్చిందన్న సంతోషం ఒక్క క్షణం, ఆ తర్వాత "లక్షల జీతం తెచ్చుకుంటూ సైకిల్ మీదొచ్చావేంటే! దారిలో ఎవరెవరు చూశారు?" అని. చూసినవాళ్ళ లిస్టు చెప్పా, ఇంకా కంగారుపడింది. మా అమ్మ తప్పేం లేదు. మా ఇంట్లో సైకిలంటే ఇష్టంగా తొక్కింది కాదు, బండి కొనే స్తోమత లేక తొక్కింది. నాన్న వర్షంలో తడిసొచ్చి చొక్కా పిండుకోవడం ఆవిడ పంతొమ్మిదేళ్ళు చూసింది. నన్ను చదివించింది ఆ సైకిల్ దిగడానికేగానీ మళ్ళీ ఎక్కడానికి కాదు. నెదర్లాండ్స్‌లో మంత్రులు కూడా సైకిల్ తొక్కుతారని చెప్తే "వాళ్ళకి చెల్లుద్ది" అంది. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

నాన్న వాకర్ పట్టుకుని వచ్చారు. చిక్కిపోయారు. నా మొహం చూశారు, తర్వాత సైకిల్ చూశారు. "చక్రాలింతేంటే?" అన్నారు. కుర్చీ తెప్పించుకుని కూర్చుని, మడవమన్నారు. విప్పమన్నారు. మళ్ళీ మడవమన్నారు. చెయిను ఎటు వెళ్ళిందో వంగి చూశారు. వాల్వు దగ్గర ఆగిపోయారు. మన సైకిళ్ళకుండే వాల్వు కాదది. తమాషా ఏంటంటే, డచ్చివాళ్ళ మామూలు సైకిళ్ళకీ మన పాత సైకిళ్ళకీ ఒకటే రకం వాల్వు, దీనికి మాత్రం స్కూటర్ వాల్వు. "అయితే మన పంపు పట్టదు, స్కూటర్ పంక్చర్ షాపులో పట్టుద్ది" అని ఆయనే తేల్చారు.

ఉన్న మూడు వారాల్లో నేను మందులకీ, బ్యాంకుకీ, కూరలకీ అన్నయ్యకి ఒక్క ఫోన్ చెయ్యలేదు. అన్నయ్య కాస్త చిన్నబుచ్చుకున్నాడు కూడా. నాన్న సైకిల్ తొక్కలేదు. డాక్టర్ వద్దన్నారు, ఆయనా అడగలేదు. ఆయన పాత సైకిల్ కొట్టంలో, పడ్డప్పుడు వంగిన హ్యాండిల్‌తో అలాగే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. కానీ పలకరించడానికొచ్చినవాళ్ళందరికీ మాత్రం మడత ఆయనే చేసి చూపించేవారు, కుర్చీలో కూర్చునే. మొదట్లో చెయ్యి వణికేది, వెనక చక్రం సరిగ్గా పడేది కాదు. వెళ్ళేనాటికి నాకన్నా వేగంగా మడిచేవారు. వచ్చినవాళ్ళు కాలి గురించి అడగడం మర్చిపోయి సైకిల్ గురించి అడిగి వెళ్ళిపోయేవాళ్ళు. అది ఆయనకి నచ్చిందని నాకనిపించింది.

ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు వీల్ చెయిర్ సంగతి ఆయనకి చెప్పేశా. నవ్వుతారనుకున్నా. నవ్వలేదు.

"వాళ్ళు డబ్బులడిగితే ఇచ్చుకోగలవు కదా?" అన్నారు.

"ఇవ్వగలను నాన్నా."

"మరి?"

అంతే. ఇంకేం అనలేదు. కాసేపటికి కరెంటొచ్చింది.

తిరిగి వెళ్ళే రోజు అన్నయ్య కారు వద్దన్నా. నాన్న రేవు దాకా వస్తానని ఆటో పిలిపించారు. అమ్మ వద్దంటున్నా వినలేదు, పడ్డాక రేవు చూడలేదట. ఆటోలో ఆయనా, వాకరూ, నా సంచీ. వెనక నేను సైకిల్ మీద. రేవులో దిగాక సైకిల్ ఆయనే మడిచారు, ఆటో సీటు అంచున కూర్చుని. టికెట్ల కుర్రాడు ఆయన్ని గుర్తుపట్టి వచ్చాడు. "ఏంటి బాబాయ్ గారూ, చాన్నాళ్ళయింది" అని, నాకు మనిషి టికెట్టు చింపాడు.

"సైకిల్‌ది కూడా కొట్టరా" అన్నారు నాన్న.

"మడిచేశారు కదండీ, సామానే. వదిలెయ్యండి."

"సైకిలే. కొట్టు."

వాడు నాకేసి చూసి, సైకిల్ టికెట్టు కూడా చింపి ఇచ్చాడు. నాన్న జేబులోంచి చిల్లర తీసి లెక్కపెట్టి ఇచ్చారు. నన్ను ఇవ్వనివ్వలేదు.

పంటు కదిలింది. సగం దూరం వెళ్ళేసరికి ఆటో పక్కన వాకర్ పట్టుకుని నిలబడే ఉన్నారు. ఫోన్ మోగింది. "వెనక టైరులో గాలి తగ్గిందే. స్టేషన్ దారిలో స్కూటర్ షాపుంటది, కొట్టించుకుని వెళ్ళు" అన్నారు.